గడపలో తెలియని వ్యక్తి

మా అమ్మాయి మెదడులోకి మొట్టమొదట వెళ్లబోయినవాడు ఒక రైసు మిల్లు యజమాని. అతను మాకు చుట్టం కాదు, స్నేహితుడూ కాదు. ప్రయోగశాలలో కొత్త విభాగానికి రిబ్బను కత్తిరించడానికి వచ్చిన ముఖ్య అతిథి. కత్తెర పళ్లెంలో పెట్టేశాక ఆయన చేతులు ఖాళీగా ఉండకూడదన్నట్టు, డాక్టర్ నీలాద్రి ఆయన్ని ఇందుమతి పక్క మంచం మీద పడుకోబెట్టి తలకి వైర్ల టోపీ తగిలించాడు. మెడలో బంతిపూల దండ కూడా తీయించలేదు.

ఇందుమతి నా ఒక్కగానొక్క కూతురు. ఇంటికొచ్చిన చుట్టాలకి కూల్‌డ్రింకులు తేవడానికి స్కూటీ మీద వెళ్తూ కాకినాడలో కాలవ వంతెన దగ్గర పడింది. తలకి దెబ్బ తగిలింది. గుండె కొట్టుకుంటోంది, ఊపిరి ఆడుతోంది, కళ్లు మాత్రం తెరవదు. పెద్దాసుపత్రి వాళ్లు ఇక మా వల్ల కాదన్నాక, అత్తింటివాళ్లు సామర్లకోట రోడ్డులో ఉన్న ఈ ప్రయోగశాలకి తీసుకొచ్చారు.

ఇక్కడ నిద్రలో చిక్కుకున్న మనిషి పుర్రె కింద కందిగింజంత యంత్రం అమరుస్తారు. దాన్ని అందరూ గడప అనే అంటారు. పక్క మంచం మీద ఇంకొకరు టోపీ పెట్టుకుని సూదిమందుతో నిద్రపోతే, ఆ గడప దాటి ఈ మనిషి కలలోకి వెళ్లవచ్చు. అక్కడ ఆ మనిషిని కలుసుకుని వెంటబెట్టుకు రావచ్చు. ఉప్పాడ జాలరి ఒకతను అలాగే తమ్ముడి వెంట లేచి వచ్చాడని పేపర్లో చదివాను. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. అచ్చులో కనిపించినదాన్ని నమ్మడం నాకు అప్పట్నుంచీ ఉన్న జబ్బు.

ఎక్కడో ఒక పెద్దమనిషి ఇలాగే నిద్రలో ఉంటే, ఆయన అల్లుడు దొంగచాటుగా లోపలికి దూరి లాకరు తాళం ఎక్కడుందో వెతికాడట. అప్పట్నుంచి గడపకి కాపలా పెట్టారు. ముందుగా పేరు నమోదైనవాళ్లే లాగిన్ అవాలి. విఫలమైన ప్రతి ప్రయత్నాన్నీ కంప్యూటర్ లెక్కపెడుతుంది. ఒకరు లోపలికి వెళ్లగలిగితే లెక్క మళ్లీ సున్నా అవుతుంది. ఎవరూ వెళ్లలేక వరసగా ఐదు ప్రయత్నాలు విఫలమైతే గడప తనంతట తనే మాడిపోతుంది. రెండోది పెట్టాలంటే పుర్రె మళ్లీ తెరవాలి. ఇందు దానికి తట్టుకోదని వాళ్లే చెప్పారు.

అంటే నా కూతురికి ఉన్నవి ఐదే అవకాశాలు. అందులో ఒకటి రిబ్బనుతో పాటు కత్తిరించేశారు.

మిల్లు యజమాని కాసేపటికి లేచి కూర్చున్నాడు. "ఏదో ఇల్లు కనపడిందండీ. మెట్లెక్కాను. ఇలా చెయ్యి పెట్టబోయేసరికి దడేల్‌మని తలుపేసేశారండీ!" అన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. తెరమీద 'విఫల ప్రయత్నాలు: 1' అని ఎర్రగా వెలిగింది.

అంతవరకూ అప్పుడప్పుడు అదురుతూ ఉండే ఇందు ఎడమచేతి చిటికెనవేలు ఆగిపోయింది. ఆ సంగతి చెబితే నీలాద్రి నా వైపు చూడకుండానే, "అవన్నీ మామూలేనమ్మా. మీరు కంగారు పడి మమ్మల్ని కంగారు పెట్టకండి" అని, అతిథికి జీడిపప్పు పళ్లెం అందించాడు.

*

మిగిలిన అవకాశాలు ఎవరికన్నది ప్రయోగశాలలో తేలలేదు. మా వియ్యాలవారు దిగిన సత్రంలో, పెసరట్ల దగ్గర తేలింది.

పరామర్శ అంటే ఆ ఇంటివాళ్లకి పెళ్లి తరవాత అంతటి వేడుక. రోజుకో జట్టు దిగేది. వచ్చినవాళ్లు ఇందుని అద్దం లోంచి చూసి, "అయ్యో, ఎలాంటి పిల్ల!" అని, వెంటనే టిఫిన్ ఎక్కడ బాగుంటుందో కనుక్కునేవాళ్లు. అనుమతి ఉన్నవాళ్ల పేర్లు చెప్పమని ప్రయోగశాల వాళ్లు అడిగితే, అల్లుడి పెదనాన్న కామరాజుగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి, వయసు వారీగా పేర్లు చెప్పుకుంటూ పోయాడు. ఆయన తరవాత ఆయన తమ్ముడు, తరవాత మా అల్లుడు చక్రధర్, ఆడపడుచు రత్నమాల. పిలవకపోతే అలుగుతాడని హోసూరులో ఉన్న తన తోడల్లుడి పేరు కూడా చెప్పాడు. అతను ఇందుని పెళ్లిలో ఒక్కసారి చూశాడు.

"నా పేరండీ?" అన్నాను.

"అయ్యో వదినగారూ, మీ పేరు లేకపోతే ఎలాగండీ? రాయవయ్యా, చివర్లో. అచ్చాయమ్మ అని రాయి."

ఆయన అంత దయగా చెప్పాక కృతజ్ఞత చూపించాలి కదా. చూపించాను. ఇందుని వాళ్లింటికి పంపిన రోజు నుంచీ నేను ఆ ఇంట్లో చేస్తూ వచ్చింది అదే.

"ముందు నేనెళ్తాను. పెద్దోణ్ణి నేనుండగా కుర్రాళ్లు ముందెళ్తే ఏం బాగుంటది?" అన్నాడు కామరాజుగారు.

"ముందు ఆమెకి బాగా దగ్గరివాళ్లు వెళ్తే మంచిదేమో అన్నయ్యగారూ. ఇది దర్శనం క్యూ కాదు కదా" అన్నాను.

"చూశారా, చూశారా! మా ఇంటి కోడలికి మేం దగ్గరోళ్లం కాదంట!" అని రత్నమాల పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకుంది. "అత్తయ్యగారు పుస్తకాలు చదివీ చదివీ ఇలా తయారయ్యారు పెదనాన్నా."

మర్నాడు ఆయన వెళ్లాడు. వెళ్లబోయే ముందు నీలాద్రి తన సొంత కల్పన గురించి గొప్పగా చెప్పాడు. "ఆవిడ బెదిరిపోకుండా, వచ్చేవాళ్ల పేరు ముందుగా ఆవిడ చెవిలో వినిపిస్తామండి. మర్యాద! యంత్రానికి కూడా మర్యాద నేర్పాం." మైకులోంచి మెత్తటి గొంతు, "కామరాజుగారు వచ్చారు" అంది. ఆయన మీసం సవరించుకుని నిద్రపోయాడు.

లేచాక మొహం జేవురించింది. "నా మొహాన తలుపేసింది! నేను మెట్టు మీద నిలబడి ఉండగానే! ఇంత పొగరని నాకు తెలీదు సుమండీ."

రెండో వేలు అదరడం ఆగిపోయింది.

తరవాత చక్రధర్ వెళ్లాడు. అతనికీ అంతే. లేచి, వరండాలో అందరికీ కనపడేచోట నిలబడి ఏడ్చాడు. "నన్ను కాదందత్తయ్యా. పదమూడేళ్ల కాపురం! కట్టుకున్నోడికే తలుపు తీయలేదు." చుట్టూ ఉన్నవాళ్లు అతని వీపు నిమిరారు. నిద్రలో ఉన్న మనిషి మీద నింద పడడం కూడా నేను చూశాను. సాయంత్రానికల్లా సత్రంలో ఇందు పాత తప్పులు ఏకరువు పెట్టడం మొదలైంది. ఫలానా తద్దినం నాడు మొహం ముడుచుకుందట. ఫలానా పెళ్లిలో కూర్చుని లేవలేదట. అప్పుడే అనుకున్నారట.

ఈ లోపల నీలాద్రి రోజూ తనే ఒకసారి టోపీ పెట్టుకుని పడుకునేవాడు. విదేశీ బృందం వస్తే వాళ్లకి చూపించడానికి ఒకసారి, ఊరికే ఒకసారి.

"అవి కూడా లెక్కలోకి వస్తాయి కదండీ?" అని అడిగాను.

"నావి రావమ్మా. నేను అడ్మినిస్ట్రేటర్‌ని. నేనెన్నిసార్లు విఫలమైనా కౌంటరు కదలదు" అన్నాడు. విఫలం కావడంలో కూడా తనకి ప్రత్యేక హోదా ఉన్నందుకు అతని మొహం వెలిగిపోయింది.

కౌంటరు కదలలేదు నిజమే. ఇందు ఎడమచెయ్యి మణికట్టు దాకా చల్లబడింది. తెరమీద లేనిదాన్ని ఆ గదిలో ఎవరూ చూడరు. రత్నమాల కూడా వెళ్లి రాగానే అంకె నాలుగైంది. ఆవిడ లేచి, "నాకేసి చూసి మరీ వేసింది" అని చెప్పింది. అసలు చూసిందో లేదో దేవుడికెరుక.

*

నాలుగు అయ్యాక సత్రం ఒక్కసారిగా పల్చబడింది. హోసూరు తోడల్లుడికి సెలవు దొరకలేదట. కామరాజుగారి తమ్ముడికి మోకాళ్ల నొప్పి వచ్చింది. కలలో మెట్లెక్కడానికి మోకాళ్లతో పనేమిటో ఆయన చెప్పలేదు. చివరి ప్రయత్నం చేసినవాడి చేతుల మీదుగా పిల్ల పోతుంది, ఆ పేరు జన్మంతా ఉంటుంది. ముందు వరసలో తోసుకున్నవాళ్లందరికీ హఠాత్తుగా మాతృప్రేమ గొప్పతనం గుర్తొచ్చింది.

"కన్నతల్లి. ఆవిడే వెళ్లాలి. న్యాయం అది" అన్నాడు కామరాజుగారు.

"అవునండీ. మొదట్నుంచీ నేనదే అంటున్నా" అంది రత్నమాల.

ఆశపడ్డ అవకాశం చేతిలో పడ్డాక అది నిప్పులా ఉంది. ఇన్నాళ్లూ నేను వెళ్తే తలుపు తీస్తుందని లోపల్లోపల గర్వపడ్డాను. తీయకపోతే? భర్తని శ్మశానానికి, కొడుకుని పచ్చకామెర్లకి, ఈ పిల్లని వాళ్లింటికి అప్పగించినదాన్ని. ఇప్పుడు నా చేత్తోనే దీన్ని సాగనంపాలా?

ప్రయోగశాలలో షహనాజ్ అనే ఇంజనీరు అమ్మాయి ఉంది. టోపీలు తగిలించేదీ, తెరలు చూసేదీ ఆమే. ఆమెని బతిమాలాను. "ఒక్కసారి అన్నీ సరిగ్గా చూడమ్మా. ఎందుకు తలుపేస్తోందో తెలిస్తే, ఎలా వెళ్లాలో తెలుస్తుంది."

మధ్యాహ్నం నీలాద్రి టీవీ వాళ్లతో హాల్లో ఉండగా ఆమె నన్ను లోపలికి పిలిచింది.

"మామ్మగారూ, ఆవిడ తలుపెయ్యలేదండీ."

"మరి?"

"గడప వేసేసింది. ప్రతిసారీ పేరు వినిపించగానే, వచ్చినవాళ్లు తలుపు నెట్టేలోపు, ఇంకెవరో గడప దాటబోతున్నారు. నమోదులో లేని మనిషి. 'తెలియని వ్యక్తి' అని చూపిస్తోంది. దొంగ అనుకుని వెంటనే మూసేస్తోంది. దాన్ని విఫల ప్రయత్నంగా లెక్క కట్టేస్తోంది. సార్‌కి చెప్పాను. మన కాపలా ఎంత గట్టిదో చూడు, బయట్నుంచి చొరబడేవాణ్ణి పట్టుకుంటోందన్నారు."

"బయట్నుంచేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "లోపల్నించండీ."

లోపల ఉన్నది ఒక్కర్తే.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఇందు ఎలా బతికిందో నేను చూశాను. వీధిలో చెప్పుల చప్పుడైతే చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేసి లేచేది. పెద్దవాళ్లు గుమ్మం ఎక్కేలోపు చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురెళ్లాలి. ఆలస్యమైతే కామరాజుగారు మెట్టు మీదే నిలబడి దగ్గేవాడు. నిద్రలో కూడా ఆ పేరు చెవిలో పడగానే నా పిచ్చితల్లి లేచి, నీళ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ తలుపు ఆమె మీదే పడింది. వీళ్లేమో పొగరన్నారు.

ఎవరెవరి పేర్లో నమోదు చేయించిన కామరాజుగారికి, ఆ తల ఎవరిదో ఆమె పేరు కూడా చేర్చాలని తోచలేదు. నాకూ తోచలేదు. ఆ ఇంట్లో ఏ వరసలోనూ ఆమె పేరు విని ఎరగం.

షహనాజ్ నన్ను తీసుకుని నీలాద్రి దగ్గరికి వెళ్లి ఇందు పేరు చేర్చమని అడిగింది. అతను టీవీ మైకు చేత్తో మూసి నవ్వాడు. "ఆవిడ యూజర్ ఎలా అవుతుంది? ఆవిడ ఇల్లు! ఇల్లు లేచి గుమ్మం దాటి వస్తానంటుందా? ఇంటివాళ్ల జాబితా ఒకసారి ఎక్కించాక నమోదు మార్చడం కుదరదు. మార్చాలంటే మళ్లీ ఆపరేషనే. రేపు ఉదయం ఆఖరి ప్రయత్నం. వీళ్లు ప్రసారం చేస్తారు" అని మళ్లీ కెమెరా వైపు తిరిగాడు.

ఆ మనిషికి పాతిక డిగ్రీలున్నాయట. ఇంటికి, ఇంట్లో ఉన్న ఆడదానికి తేడా తెలియని చదువు అది.

"మామ్మగారూ, ఇవాళే వెళ్తారా? ఇప్పుడే?" అంది షహనాజ్ నడవలోకి వచ్చాక. "పేరు వినిపించే మైకు నేను ఆపేస్తాను. మీరొస్తున్నట్టు ఆవిడకి తెలీకపోతే గుమ్మంలోకి రారు కదా."

"నీ ఉద్యోగం?"

"పోతే పోనివ్వండి. మా అమ్మ కూడా ఎవరొచ్చినా అన్నం ముందునుంచి ఇలాగే లేస్తాదండీ" అంది.

"లోపలికెళ్లాక దాన్నెలా తేవాలి? మళ్లీ తెలియని మనిషంటుందేమో!"

"ఒక్కరే వస్తేనే గడప ఎవరని అడుగుతుంది. మీరు నమోదైన మనిషి. మీరు వెళ్లిపోతూ ఉంటే మీతో పాటు వచ్చేవాళ్లని అడగదు. జాలరి కూడా అలాగే వచ్చాడు. కానీ తను వస్తానంటేనే. లాక్కొస్తే రాదు."

నేను మంచమెక్కాను. సూది గుచ్చాక పక్కకి చూస్తే ఇందు మొహం గోడలా ఉంది.

*

ఎండగా ఉన్న వీధి. వాళ్లిల్లే. మెట్ల మీద నీళ్లు ఒలికి ఉన్నాయి, ఒక చెంబు సొట్టబోయి దొర్లి ఉంది. నేను పిలవలేదు. దగ్గలేదు. చెప్పులు వీధిలోనే విడిచి, పక్కింటికి చారు అప్పడగడానికి వెళ్లినట్టు తలుపు నెట్టుకుని వెళ్లిపోయాను. తలుపు ఏమీ అనలేదు.

ఇందు వంటింట్లో ఉంది. పొయ్యి మీద గిన్నె నిండా పాలు. గట్టు మీద గ్లాసులు వరసగా, నేల దాకా, కిటికీలో కూడా గ్లాసులే.

"అమ్మా! ఎప్పుడొచ్చేవే? చెప్పాపెట్టకుండా?" అని నవ్వింది. ఆమె ఎడమచెయ్యి మోచేతి దాకా నల్లగా కమిలిపోయి, పాత గుడ్డతో చుట్టి ఉంది.

"ఏంటే ఆ చెయ్యి?"

"గుమ్మంలో పడిందమ్మా. ఎవరో ఒకళ్లు వస్తానే ఉన్నారు. నీళ్లట్టుకుని ఎల్లేసరికి తలుపు పడిపోద్ది. మావయ్యగారు ఏమనుకున్నారో ఏంటో. ఇదుగో, మళ్లీ ఎవరైనా వస్తారని కాఫీ కలుపుతున్నా. నువ్వు కూర్చో."

కూర్చోబుద్ధయింది. నిజం చెబుతున్నాను, అక్కడే కూర్చుండిపోవాలనిపించింది. ఎన్నో నెలల తరవాత గొంతు విన్నాను. కూర్చుంటే మాత్రం అది కాఫీ కలుపుతూనే ఉంటుంది.

చెయ్యి పట్టుకుని లాగితే రాదు. నీకిలా అయిందని చెబితే, అంతమంది వచ్చి ఉన్నారా అని ఇంకో గిన్నె పెడుతుంది. దాన్ని నేను కన్నాను, నాకు తెలుసు. అది గుమ్మం దాటేది రెండింటికే. వచ్చేవాళ్లకి ఎదురెళ్లడానికి, వెళ్లేవాళ్లని సాగనంపడానికి.

"కూర్చోలేనే. బస్సుకి టైమైంది. వెళ్లొస్తాను" అన్నాను.

"అదేంటే, వచ్చీ రాగానే! కాఫీ అయినా తాగవా?" అంటూనే చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఉండు, వీధి చివరిదాకా వస్తా."

నేను వెనక్కి చూడలేదు. చూస్తే నా మొహం చదివేస్తుంది. గుమ్మం దాటాను. నా వెనక ఆమె పాదం గడప అవతల పడింది. తలుపు కదలలేదు.

వీధి చివర కరెంటు స్తంభం ఉంది. ఎప్పుడూ అక్కడే విడిపోతాం. నేను, ఇక చాలే, వెళ్లు, మీవాళ్లు చూసుకుంటారు అంటాను. అది అక్కడ నిలబడి బస్సు కనపడేదాకా చెయ్యి ఊపుతుంది. నేను కిటికీలోంచి చూసి, మెడ తిప్పుకుని, కాకినాడ దాటేదాకా ఏడుస్తాను. నా జన్మలో ఎవరితో విడిపోయినా ముందుగా వెళ్లమన్నది నేనే. అది మర్యాద అనుకున్నాను.

స్తంభం దగ్గర దాని అడుగులు ఆగాయి.

"ఇక నేనెళ్తానమ్మా. పొయ్యి మీద పాలున్నాయి. ఎవరైనా వస్తే..."

"పొంగనీ" అన్నాను.

"ఏంటీ?"

"పాలు పొంగిపోనీ. గిన్నె మాడిపోనీ. ఇంకాస్త దూరం రా ఇందూ. నాకు భయంగా ఉంది. ఒక్కదాన్నీ వెళ్లలేను."

అలా నేనెప్పుడూ దాన్ని అడగలేదు. ఆ ఇంట్లోంచి పాలు మాడిన వాసన వచ్చింది. తరవాత నా భుజం మీద కమిలిన చెయ్యి పడింది.

"పద. నీకెప్పుడూ కంగారేనే" అంది.

*

కళ్లు తెరిచేసరికి షహనాజ్ ఏడుస్తోంది. తెరమీద అంకె సున్నా. పక్క మంచం మీద ఇందు కళ్లు తెరిచి, పైన ఫ్యాన్ తిరగడం చూస్తోంది.

ఇలాంటి వార్తలకి కాళ్లుంటాయి. పల్చబడ్డ సత్రం పావుగంటలో మళ్లీ చిక్కబడి గదిలోకి వచ్చింది. ముందు నీలాద్రి, అతని వెనక కెమెరా. "మా పద్ధతి ప్రకారం ఐదో ప్రయత్నంలో..." అని మొదలెట్టాడు. చక్రధర్ జేబురుమాలు సిద్ధంగా పట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పి ఆయన అందరికంటే ముందు మెట్లెక్కాడు. రత్నమాల, "నేను వెళ్లినప్పుడే కదిలిందండీ, నేను చూశాను" అని టీవీ అమ్మాయికి చెబుతోంది.

కామరాజుగారు మంచం కాళ్ల దగ్గరికి వచ్చి నిలబడి, గొంతు సవరించుకుని దగ్గాడు.

ఆ దగ్గు వినగానే ఇందు లేవబోయింది. కుడిచెయ్యి పరుపు మీద ఆనించింది. ఎడమచెయ్యి రాలేదు. అది మోచేతి దాకా ఆమె మాట వినడం మానేసింది. ఇకముందు కూడా వినదని తరవాత చెప్పారు. ఎందుకని ఎవరూ అడగలేదు, నీలాద్రి రాసిన వ్యాసంలోనూ లేదు. ఇందు ఆశ్చర్యంగా ఆ చేతికేసి చూసుకుంది. చుట్టూ నిలబడ్డ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. లోపల గుమ్మంలో వరసగా విన్న పేర్లు అవే మొహాలని ఆమెకి అప్పుడు తెలిసినట్టుంది.

"ఏమ్మా, పెద్దోళ్లొచ్చారు, గుర్తుపట్టేవా?" అన్నాడు కామరాజుగారు.

ఇందు మెల్లగా వెనక్కి వాలింది. తల నా వైపు తిప్పింది. చాలా రోజులు వాడని గొంతు బొంగురుగా ఉంది, అయినా గదిలో అందరికీ వినపడింది.

"తలుపేసెయ్యమ్మా."

అందర్నీ బయటికి నడిపించి, వేసేశాను.